స్లైడక్క ఎడమ బుగ్గ

మేము కామర్స్ వాళ్లం. డిగ్రీ చేతికి రావాలంటే ఒక్క సైన్సు పేపరైనా గట్టెక్కాలని కాలేజీ రూలు. అందుకని ముప్పై మందిమి ఏడుపు మొహాలు వేసుకుని బయాలజీ ల్యాబులో కూర్చునేవాళ్లం. మమ్మల్ని ఒడ్డున పడేసేది ల్యాబ్ అటెండరు. ఇరవయ్యేళ్లుగా అక్కడ స్లైడ్లు కడుగుతోంది కాబట్టి అందరికీ స్లైడక్క.

ఆ రోజు పాఠం బుగ్గ కణాలు. పుల్లతో బుగ్గ లోపల గీకి, స్లైడు మీద రాసి, నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోపులో చూడాలి. నాకేమో పుల్ల నోట్లో పెడితేనే వాంతి.

"భయపడకు, నోరు తెరువు, నొప్పి పుట్టదు" అని అక్క బతిమాలింది. ఎంతకీ లాభం లేక, తన బుగ్గే గీకి నా స్లైడు చేసిపెట్టింది. ఏటా నాలాంటి పిరికిపందలకి ఆవిడే దిక్కు.

"ఈ మధ్య ఎడమవైపు కాస్త గరుకుగా ఉందిలే. ఒక్కసారి గీకితే బోలెడు కణాలు!" అంది గర్వంగా.

బయాలజీ మేడం వచ్చి నా మైక్రోస్కోపులోకి చూసింది. కాసేపు తల ఎత్తలేదు.

"ఇది నీదేనా?"

మార్కులు పోతాయని "నాదే మేడం" అన్నాను.

నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించింది. "కణం మధ్యలో కేంద్రకం చిన్నగా ఉండాలి. వీటిలో బాగా పెద్దగా ఉంది. ఏమీ కాకపోవచ్చు. కానీ ఇవాళే డాక్టరుకి చూపించుకో."

క్యాన్సరేనా? అమ్మకి ఏమని చెప్పాలి? అప్పుడు గుర్తొచ్చింది, ఆ కణాలు నావి కావు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సింకు దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. అక్క అంతా వింది. నాలుకతో ఎడమ బుగ్గ తడుముకుంటూ, చెప్పొద్దన్నట్టు నాకేసి తల ఊపింది. విద్యార్థికి స్లైడు చేసిచ్చిందని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో సంపాదించేది ఆవిడ ఒక్కతే. నాకు భయమేసింది, చెబితే ఒక భయం, చెప్పకపోతే ఇంకో భయం.

"అబద్ధం చెప్పాను మేడం. అవి స్లైడక్కవి."

మేడం ఎవరినీ ఏమీ అనలేదు. ఫోను టార్చి వెలిగించి సింకు దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లి అక్క పక్కన నిలబడ్డాను.

"భయపడకండి. నోరు తెరవండి."

ఇరవయ్యేళ్లు అందరి నోళ్లూ తెరిపించిన మనిషి పెదవులు బిగించుకుని నిలబడిపోయింది. తడి చేత్తో నా చెయ్యి వెతికి, నొప్పి పుట్టేలా పట్టుకుంది.