మంచి చెప్పడానికి పిలిచిన మీటింగ్

2001లో కార్ఖానా అనే బస్తీలోని ఒక ప్రభుత్వ బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్లాను. సికింద్రాబాద్‌లో ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. బస్తీవాళ్లు పిల్లలను ఒక్కొక్కరినే ఇంగ్లిష్ మీడియానికి మార్చేస్తున్నారు. ఎన్‌రోల్‌మెంట్, అంటే రిజిస్టరులో ఉన్న పిల్లల సంఖ్య, ఇంకా తగ్గితే మా బడిని నేరేడ్‌మెట్ వైపున్న బడిలో కలిపేస్తామన్నారు పైఅధికారి. అంత దూరమైతే చదువే మాన్పిస్తామని ఆడపిల్లల తల్లులు తేల్చేశారు.

పేరెంట్స్ మీటింగ్ పెట్టాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయన అడ్రసు అడగడానికి వచ్చినాయన!

మర్నాడు ఏడో తరగతి మమత తండ్రి యాదగిరి వెల్డింగ్ షాపుకు వెళ్లాను. నన్ను చూడగానే ఆయన చేతిలో పని ఆపేశాడు.

"ఏం జేసింది మేడం మా పిల్ల?"

"ఏమీ చేయలేదండీ. మీటింగుకు ఎందుకు రాలేదో కనుక్కుందామని."

"బడికెల్లి పిలుపొస్తె తిట్లు తినుడే గదా! మా పెద్దోడప్పుడు ఎన్నిసార్లొచ్చినా తల దించుకొనే నిలబడ్డ. మంచి చెప్పనీకి ఎన్నడన్న పిలిసిండ్రా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనూ ఎవరినీ అలా పిలవలేదు.

"మమత కోణాలు గీస్తే మళ్లీ కొలిచి చూడక్కర్లేదు" అన్నాను. నిజమే అది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "గేట్లు చేస్తుంటే పక్కన కూసొని చూస్తది. గదే వచ్చింది!" అంటూ పక్క షాపాయనను కేకేసి మరీ చెప్పాడు.

ఆ వారం ప్రతి పిల్లవాడి గురించీ ఒక మంచి మాట చీటీ మీద రాశాం. కింద, 'శనివారం వచ్చి మీ పని గురించి పిల్లలకు చెబుతారా?' అని అడిగాం. "మా క్లాసు అల్లరి శీను గురించి ఏం రాయాలి మేడం?" అని సరళ టీచర్ తల పట్టుకుంది. రెండు రోజులు వాడినే గమనించి, 'ఎవరు ఏడ్చినా ముందు పలకరించేది వీడే' అని రాసింది. ఆ చీటీ పట్టుకుని శీను నాయనమ్మ కూడా వచ్చింది.

ఆ శనివారం కుర్చీలు చాలలేదు. బట్టలు కుట్టే ఒక తల్లి టేపుతో కొలతలు నేర్పింది. గేటుకు ఏటవాలు పట్టీ ఎందుకు వేస్తారో యాదగిరి నేల మీద గీసి చూపించాడు. మూలనున్న అట్టపెట్టెలు చూసి, "ఇవేంది మేడం?" అన్నాడు. ఒక కంపెనీ ఇచ్చిన కంప్యూటర్లని, కిటికీలకు గ్రిల్స్ లేక దొంగల భయంతో తెరవలేదని చెప్పాను.

"జెర ముందుగాల చెప్పొద్దా!" అని అప్పటికప్పుడే కిటికీలు కొలుచుకున్నాడు.

జూన్‌లో ఆ తల్లిదండ్రులే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను చేర్పించారు. బడి మారిపోయిన పిల్లలందరూ తిరిగి రాలేదు కానీ బడి అక్కడే నిలిచింది.

తల్లిదండ్రులకు బడి పట్టదని ఏ టీచరైనా అంటే ఇప్పుడు నేను ఒక్కటే అడుగుతాను: "కిందటిసారి వాళ్లను ఎందుకు పిలిచారు?"