పిలుపు లేని పండుగ

ద్రెనోవిత్సా ఊళ్ళో పాలబండి హారన్ వినపడగానే ఎవరో ఒకరు అరుస్తారు, "మహారాణీవారు వేంచేస్తున్నారహో, క్యాన్లు బయటపెట్టండి!" అని. ఇకోనియ బెలావిచ్ దానికి మురిసిపోదు, ఉడుక్కోదు. బండి దిగి, క్యాన్ మూత తీసి, పాలు వాసన చూసి, "నీళ్ళు కలిపిన ప్రజల తల తీయిస్తాం" అని క్యాన్ ఎత్తి ట్యాంకులో వంచుతుంది. అరవైకి దగ్గర పడిన మనిషి. నిండు క్యాన్ ఎత్తడానికి ఇప్పటికీ ఎవరి సాయమూ అడగదు.

వేళాకోళానికి అన్నా ఆ మాట అబద్ధం కాదు. ఆమె ముత్తాత ఈ కొండలకి ఆఖరి రాజు. రాజ్యమంటే మీరు మరీ పెద్దదిగా ఊహించుకోకండి. రాళ్ళు, మేకలు, ఒకళ్ళమాట ఒకళ్ళు వినని జనం, అంతే. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి అదీ పోయింది. రాజుగారు కుటుంబంతో సహా ఫ్రాన్సు పారిపోయాడు. పెద్దకొడుకు సంతానం అక్కడే పాతుకుపోయింది. చిన్నకొడుకు మాత్రం కొన్నేళ్ళకి మారుపేరుతో తిరిగొచ్చి గొర్రెలు కొనుక్కున్నాడు. ఆయన కొడుకు గవ్రీలో, అడవి కాపలా ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. గవ్రీలోకి ఒక్కతే కూతురు ఇకోనియ. నిక్షిచ్‌లో ఒక బస్సు మెకానిక్‌ని చేసుకుని, రెండేళ్ళకే వాడి తాగుడు భరించలేక పుట్టింటికొచ్చేసి, లైసెన్సు తీసుకుని పాలబండి ఎక్కింది. పిల్లల్లేరు.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే రకం కాదు ఆ తండ్రీకూతుళ్ళు. రాజుగారి మేడ మ్యూజియం అయింది, కత్తి అద్దాల పెట్టెలోకి వెళ్ళింది, అడవి సర్కారుది అయింది. అవి మావని గవ్రీలో ఎక్కడా ఒక్క అర్జీ కూడా పెట్టుకోలేదు. ఆయన వదలనిది ఒక్కటే, ఇలవేల్పు పండుగ. ఈ కొండల్లో ప్రతి ఇంటికీ ఒక పునీతుడు ఇలవేల్పు. బెలావిచ్‌లకి పునీత లూకా. అక్టోబరు ఆఖర్న ఆయన రోజు. ఆ రోజు పొద్దున ఇంటాయన కొవ్వొత్తి వెలిగిస్తాడు, పండుగ రొట్టె కోయిస్తాడు, వీధి తలుపు బార్లా తెరుస్తాడు. ఇక ఎవరొస్తే వాళ్ళు చుట్టాలే.

పిలవడం మాత్రం ఉండదు. మన వైపు పిలవని పేరంటానికి వెళ్తే తలవంపులు. ఇక్కడ ఇలవేల్పు పండుగకి పిలిస్తే తలవంపులు. "ఏం, నీ పునీతుణ్ణి నేను మరిచిపోయాననుకున్నావా?" అంటారు. ఇంకొకటి, ఆ రోజు ఇంటాయన కూర్చోకూడదు. రాజైనా సరే, రైతైనా సరే, ఆఖరి చుట్టం గడప దాటేదాకా నిలబడి వడ్డించాలి. కమ్యూనిస్టుల రోజుల్లో పండుగ చేస్తే ఉద్యోగం ఊడేది. అప్పుడు కూడా గవ్రీలో కిటికీలకి దుప్పట్లు కట్టి, చప్పుడు కాకుండా మేజోళ్ళతో నిలబడి, ధైర్యం చేసి వచ్చిన ఇద్దరు ముగ్గురికే వడ్డించేవాడు. మర్నాడు బళ్ళో టీచరు, "నిన్న మీ ఇంట్లో ఏం తిన్నావు?" అని అడిగితే, చిన్నారి ఇకోనియ రెప్ప కొట్టకుండా "బంగాళాదుంపలు" అని చెప్పేది.

పోయిన చలికాలం గవ్రీలో కన్నుమూశాడు. శవం ఇంకా వాకిట్లో ఉండగానే, పైకొండ మీద ఆవుల మందలున్న వూకశిన్, ఊళ్ళో అందరికంటే పెద్దవాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని అన్నాడు.

"మగదిక్కు లేదు. ఈ ఇంటి కొవ్వొత్తి ఆరిపోయింది."

తిట్టాలని అనలేదు. ఇక్కడ కొడుకు లేని ఇంటి గురించి అలాగే అంటారు, ఇలవేల్పు తండ్రి నుంచి కొడుక్కే వస్తాడు, కొడుకు లేకపోతే అక్కడితో ఆగిపోతాడని లెక్క. ఇకోనియ విన్నది. ఏడవాల్సిన రోజు కాబట్టి ఏడ్చింది. కానీ మట్టి వేసి తిరిగొస్తూ అప్పుడే తీర్మానించుకుంది, లూకా పండుగ ఈ ఇంట్లోనే జరగాలి, నిలబడేది తనే అని.

సెప్టెంబరులో లియోన్ నుంచి ఫిలిప్ దిగాడు. రాజుగారి పెద్దకొడుకుకి మనవడు, ఇకోనియకి వరసకి తమ్ముడు. అక్కడ ద్రాక్షసారా వ్యాపారం. చెడ్డవాడు కాదు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న భాష కాస్త పుస్తకాల వాసన కొడుతుంది, అంతే. వచ్చీ రాగానే గవ్రీలో సమాధి మీద పూలు పెట్టి, కన్నీళ్ళు తుడుచుకుని, వంటింట్లో కూర్చుని సంగతి చెప్పాడు.

"అక్కా, ఈ ఏడు పండుగ నేను చేస్తాను. రాజుగారి మేడలో, పెద్ద హాల్లో. మ్యూజియం వాళ్ళు ఒప్పుకున్నారు. నూరేళ్ళ తరవాత, ఆలోచించు! నువ్వు నా పక్కనే కూర్చోవాలి."

"కూర్చోవడమా?" అంది ఇకోనియ.

"మొదటి వరసలో. ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ పిలుపు కార్డులు వేయిస్తున్నాను, బంగారు అంచుతో."

ఇకోనియ చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఒరే ఫిలిప్, నీ మంచికోరి చెప్తున్నా విను. పిలవకు."

"పిలవకపోతే వాళ్ళెలా వస్తారక్కా?"

"రావాలనుకుంటే వస్తారు."

"రాకపోతే?"

"రాకపోతే రారు. అప్పుడు మనమేంటో మనకి తెలుస్తుంది."

ఫిలిప్ నవ్వి ఆమె భుజం తట్టాడు. పల్లెటూరి పట్టుదల అనుకున్నాడు పాపం. "మరి నువ్వేం చేస్తావు ఆ రోజు?"

"మా నాన్న ఏం చేశాడో అదే. నీ ఇంట్లో నువ్వు చేసుకో, నా ఇంట్లో నేను చేసుకుంటా. కాపురాలు విడిపోయినప్పుడు ఎవరి కొవ్వొత్తి వాళ్ళదే."

"కానీ అక్కా..." అని నసిగాడు. ఆడదానివి అనడానికి మర్యాద అడ్డొచ్చింది. ఆ మాత్రం ఇకోనియకి అర్థమైంది.

కార్డులు వచ్చాయి. ఇకోనియ కష్టం అప్పుడు మొదలైంది. రోజూ పాలకోసం ఇంటింటికీ ఆగే మనిషి. ఏ ఇంట్లో చూసినా అలమరా మీద బంగారు అంచు. జనం గుర్రుగానే ఉన్నారు. "ఫ్రాన్సువాడు పిలిస్తే గానీ మాకు లూకా గుర్తురాడా?" అని ఒకరు, "మా ఇంటికి కార్డే రాలేదు, మేం మనుషులం కాదు కాబోలు" అని ఇంకొకరు. అయినా మేడ లోపల విందంటే ఆశ ఉంటుంది కదా. ఆడవాళ్ళు కొత్త బట్టలు కుట్టించుకుంటున్నారు. వీళ్ళందరి ముందూ క్యాన్లు ఎత్తుతూ, దించుతూ, ఇకోనియ ఒక్క మాట అనడానికి వీల్లేదు. మా ఇంట్లోనూ పండుగ ఉంది అంటే అది పిలుపే అవుతుంది. పిలిచిందంటే, తలుపు తనకు తానే మూసుకున్నట్టు.

పక్కింటి మిరూన అయితే ఆగలేకపోయింది. "ఒసే పిచ్చిదానా, నేను చెప్తానే నలుగురికీ. నువ్వు పిలిచినట్టు కాదు కదా!"

"చెప్పావంటే నీ ఆవు పాలు తీసుకోను."

"చచ్చినా?"

"నువ్వు చచ్చినా, నీ ఆవు చచ్చినా."

మిరూన మూతి ముడుచుకుని క్యాన్ ముందుకు తోసింది. ఈ సంగతి విన్నప్పుడు నాకైతే ఇకోనియ మీద కోపమే వచ్చింది. మొండితనానికీ ఒక హద్దుండాలి. కానీ ఆమె లెక్క వేరు. అడుక్కుని తెచ్చుకున్న చుట్టాలతో ఆ ఇల్లు బతికిందనిపించుకోవడం ఆమెకి అక్కర్లేదు.

పండుగ ముందు రోజంతా వండింది. కాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పెద్ద కుండలో మగ్గబెట్టింది. పొగబెట్టిన పంది తొడ దించి పలచగా కోసింది. మీగడ, జున్ను, వాల్‌నట్లు కలిపి ఉడికించిన గోధుమలు, తండ్రి కాచిపెట్టి వెళ్ళిన పళ్ళసారా, రాకియా. తండ్రి బతికుండగా ఎంత చేసేదో అంతా చేసింది, ఒక ముద్ద తగ్గించలేదు.

పొద్దున్నే ఫాదర్ అర్సెని వచ్చాడు. మేడలో కూడా రొట్టె కోయాలి కాబట్టి తొందరగా ఉన్నాడు. రొట్టెని ఇంటాయనా ఫాదరూ చెరోవైపు పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. ఫాదర్ అటూ ఇటూ చూశాడు.

"నాతో ఎవరు తిప్పుతారమ్మా?"

"నేనే."

"ఆహా, అంటే... మేనమామలో ఎవరో..."

"రొట్టె తిప్పడానికి మీసాలు కావాలా ఫాదర్?"

ఫాదర్ గడ్డంలోనే నవ్వుకున్నాడు. రొట్టె తిరిగింది, కోశారు, వైను పోశారు. ఇకోనియ కొవ్వొత్తి వెలిగించి, వీధి తలుపు బార్లా తెరిచి, బల్ల పక్కన నిలబడింది.

మిరూన వచ్చి గోధుమలు నోట్లో వేసుకుంది. పక్కింటిది కాబట్టి లెక్కలోకి రాదు. ఎంతసేపు గడిచినా ఇంకెవరూ రాలేదు. కార్లు మేడవైపు వెళ్తున్న చప్పుడు వినపడుతోంది. కార్డు రానివాళ్ళు అలిగి ఇళ్ళలోనే ఉన్నారు. తలుపు గుండా చలిగాలి కొట్టి కూరలు చల్లారుతుంటే ఇకోనియ మళ్ళీ వేడి చేసింది. మళ్ళీ చల్లారాయి.

"కూర్చోవే కాసేపు, ఎవరూ లేరు కదా" అంది మిరూన.

"కూర్చుంటే అయిపోయినట్టే."

"కాళ్ళు చూడు ఎలా వాచాయో!"

"వాచనీ."

మధ్యాహ్నం దాటింది. ఆమెకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ముంజేత్తో తుడుచుకుంది. వూకశిన్ మాటే నిజమైందేమో అనిపించింది. నాన్న మేజోళ్ళతో నిలబడినప్పుడు ఇద్దరైనా వచ్చేవాళ్ళు. తనకి ఆ ఇద్దరు కూడా లేరా? అయినా కూర్చోలేదు. కుర్చీ పైఅంచు పట్టుకుంది, తరవాత అదీ వదిలేసింది.

గేటు దగ్గర కర్ర చప్పుడైంది. వూకశిన్. కొత్త కోటు, మెడకి బిగించిన టై, మొహం కందగడ్డ. గడప మీదే మొదలుపెట్టాడు.

"నా పేరు రాసిన కుర్చీ! చూశావా ఎక్కడన్నా? కుర్చీ మీద పేరు! నా పేరు ఇక రాస్తే సమాధి మీద రాయాలి, విందులో రాస్తారా?"

"లోపలికి రా బాబాయ్" అంది ఇకోనియ.

"వడ్డించేది ఎవరనుకున్నావు? పొద్గోరిత్సా పట్నం హోటలు కుర్రాళ్ళు! తెల్ల చేతిగుడ్డలతో! మరి ఇంటాయన ఏం చేస్తున్నాడూ అంటే..." కర్రతో నేల కొట్టాడు. "కూర్చున్నాడు! నడిమి కుర్చీలో కూర్చుని, ముందు తనే తింటున్నాడు! పునీత లూకా మొహం తిప్పుకుని ఉంటాడు. ఒక్కొక్కళ్ళే లేచి వచ్చేస్తున్నాం. ఆకలితో చస్తున్నా."

అప్పుడు ఆగి, కొవ్వొత్తి వంక చూశాడు. బల్ల వంక చూశాడు. ముట్టని కుండల వంక, ఆమె వాచిన కాళ్ళ వంక చూశాడు. టోపీ తీశాడు.

"పొద్దుట్నించీ నిలబడే ఉన్నావా?"

"మరి?"

"ఎవరూ రాకపోయినా?"

"ఎవరో రావాలని నిలబడతారా బాబాయ్? పండుగ కాబట్టి నిలబడతారు."

ముసలాయన కొవ్వొత్తి దగ్గరికి వెళ్ళి సిలువ గుర్తు వేసుకుని, పెద్ద గొంతుతో, వీధిలోకి వినపడేలా అన్నాడు. "పండుగ శుభాకాంక్షలు, బెలావిచ్ ఇంటికి! ఈ ఇల్లు కలకాలం ఉండాలి!" ఆ మాట ప్రతి చుట్టమూ ప్రతి ఇంట్లోనూ అనేదే. ఆ ఇంట్లో ఆ రోజు అది అన్నవాడు మాత్రం, కొవ్వొత్తి ఆరిపోయిందని శవం దగ్గర చెప్పినవాడు. ఇకోనియ ఆయన గ్లాసులో అంచు దాకా రాకియా పోసింది.

ఆ తరవాత గేటు మూతపడలేదు. మేడ నుంచి లేచొచ్చిన వాళ్ళు, కార్డు రాక అలిగినవాళ్ళు, కొత్త బట్టల ఆడవాళ్ళు అందరూ వచ్చారు. కుర్చీలు చాలక కట్టెల మొద్దులు లోపలికి తెచ్చుకున్నారు. "మహారాణీ, ఇటు మాంసం!" "మహారాణీ, రొట్టె అయిపోయింది!" అని అరుపులు. కూరలు వేడిగా లేవని ఒకావిడ సణిగింది కూడా. ఇకోనియకి ఆ సణుగుడు వినడానికి ఎంతో హాయిగా ఉంది.

చీకటి పడే వేళకి ఫిలిప్ గుమ్మంలో నిలబడ్డాడు. మెరిసే బూట్లు, పాలిపోయిన మొహం. వూకశిన్ ఏదో అనబోతే ఇకోనియ చూపుతోనే ఆపేసింది.

"అక్కా," అన్నాడు ఫిలిప్ మెల్లగా, "నన్ను ఎవరూ పిలవలేదు."

"అందుకే ఇది పండుగ. రా."

వచ్చాడు. అందరూ తింటుంటే, తన అక్క ఒక్కర్తే కూజా పట్టుకుని ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి తిరగడం చూశాడు. ఆమె నడక కుంటుతోంది. సంగతి అప్పుడు తలకెక్కింది. మొహం ఎర్రబడి, చటుక్కున ముందుకొచ్చి, ఆమె చేతిలోని వైను కూజా పట్టుకున్నాడు.

"నాకివ్వు. ఇప్పుడు తెలిసింది నాకు. నేను నిలబడతాను, నువ్వు కూర్చో. మన వంశంలో పెద్దవాడి సంతానం నేనే కదా."

వూకశిన్ చేతిలో చెంచా గాల్లోనే ఆగింది.

ఇకోనియ కూజా వదల్లేదు. గట్టిగానూ లాక్కోలేదు. తమ్ముడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, మిరూన పక్కన ఖాళీగా ఉన్న మొద్దు చూపించింది.

"వచ్చే ఏడు నీ ఇంట్లో నువ్వు నిలబడు, పిలవకపోయినా నేను వస్తాను. ఈ ఇంట్లో నిలబడేది నేను. కూర్చో."

రాజుగారి మునిమనవడు కట్టెల మొద్దు మీద కూర్చున్నాడు. ఆమె వంగి అతని గ్లాసు నింపింది.