ప్రేమమ్మ కుడి మడమ

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వెయ్యాలంటే ప్రేమమ్మకు ఏడాదిగా భయం. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న కాలే తెల్లారి ఎక్కువ నొస్తుంది, అదేం అన్యాయమో. కుడి మడమ నేలకు తగలగానే మేకు దిగినట్టు ఉంటుంది. గోడ పట్టుకుని వంటింటి దాకా వెళ్లేసరికి కాస్త సర్దుకుంటుంది. భర్త దేవదాస్ అప్పటికే లేచి దగ్గుతూ ఉంటాడు. గ్రానైట్ పాలిషింగ్‌లో ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము అది, ఇప్పుడు పని మానేశాడు. "కాలెట్లుంది?" అంటాడు. "మంచిగనే ఉంది" అంటుంది ఆమె, గోడ వదలకుండానే.

ప్రేమమ్మ కరీంనగర్‌లో బస్సు కండక్టర్. కరీంనగర్ నుంచి జగిత్యాల, జగిత్యాల నుంచి కరీంనగర్, మధ్యలో కొండగట్టు. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి బస్సులో కండక్టర్‌కు ఒక సీటు ఉందన్న సంగతే ఆమె మరచిపోయింది. ఎవరో ఒక తల్లి చంటిపిల్లతో దాంట్లో కూర్చునే ఉంటుంది, లేపబుద్ధి కాదు. ఆధార్ కార్డులు చూస్తూ, జీరో టికెట్లు కొడుతూ, ముందు తలుపు నుంచి వెనక సీటు దాకా జనాన్ని తోసుకుంటూ పోవాలి. మంగళవారం, శనివారం అయితే కొండగట్టు అంజన్న గుడికి పోయే భక్తులతో కాలు మోపే సందుండదు. ప్రేమమ్మకు మోపేది ఒక్క కాలే కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది.

ఈ మనిషికి నొప్పి చెప్పుకోవడం రాదు. తల్లి మిషన్ హాస్టల్లో వంటమనిషి, చేయి కాలినా "దేవుని కృప" అనేది. వాళ్ల మెథడిస్టు చర్చి సంఘంలో ఎట్లున్నారని ఎవరిని అడిగినా అదే జవాబు. చలిజ్వరంతో వణుకుతున్నవాళ్లు కూడా అదే అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గాని, వైద్యం చేసేవాళ్లకు ఆ మాటతో ఏం పని?

ఇటుక వేడి చేసి, జిల్లేడాకు పరిచి కాపడం పెట్టుకుంది. మెత్తటి చెప్పులు కొనుక్కుంది. చివరికి డాక్టర్ ఎక్స్‌రే చూసి, కోత అవసరం లేదు, షాక్‌వేవ్ పెట్టించుకొమ్మన్నాడు. డిపో మేనేజర్ మర్యాదగానే చెప్పాడు. వైద్యం అయ్యేదాకా చూస్తామని, ఆ తర్వాత మాత్రం ఫిట్ అని డాక్టర్ రాసిస్తేనే బస్సు ఎక్కనిస్తామని అన్నాడు. ఇంట్లోకి వచ్చే జీతం అదొక్కటే. అందుకే సెలవు పెట్టకుండా, డ్యూటీ దిగి వెళ్లి పెట్టించుకుంటానని ఆమె ఒప్పుకుంది.

ఊళ్లో ఈ షాక్‌వేవ్‌ను "కరెంటు పెట్టుడు" అనే అంటారు. నిజానికి ఇది కరెంటు కాదు. చేతిలో పట్టే ఒక పిడి, దాని మూతిని జెల్లు పూసిన మడమకు ఆనిస్తే టకటకమని కొడుతుంది. ఆ దెబ్బ చర్మాన్ని కోయకుండా లోపలికి పోతుంది. నెలల తరబడి మానకుండా మొండికేసిన చోటును కదిలించి, ఒంటికి మళ్లీ మాన్పే పని పెడుతుందట. పెట్టేది బ్లెస్సీ. ఫిజియోథెరపీ చదివి బస్టాండ్ దగ్గర చిన్న క్లినిక్ తెరిచింది. ప్రేమమ్మ వాళ్ల సంఘం పిల్లే, ఆదివారం పాటల బృందంలో పాడుతుంది.

మొదటి రోజే బ్లెస్సీ ఖచ్చితంగా చెప్పింది. "మిషన్‌కు నీ నొప్పి తెల్వది పెద్దమ్మా. నేను ఒత్తుకుంట పోత, శాన నొచ్చే జాగ వస్తే చెప్పు, ఆడనే పెడత. నువ్వు ఊకుంటే దెబ్బ పక్కకు పోతది. నొప్పి గోలీలు మాత్రం ఏసుకోకు, అవి ఏసుకుంటే నొచ్చే జాగ దొరకది, మానుడు కూడ ఆలస్యమైతది."

ప్రేమమ్మ తల ఊపింది. మొదటిసారి "గక్కడ జర" అంది. రెండోసారి ఇంకొంచెం గట్టిగా అంది. ఆ వారం చివర్లో మడమ నిజంగానే తేలికపడింది.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లను లేవమన్నారు. స్త్రీల సమాజం వాళ్లు ఆమె కాలి కోసం ప్రార్థన చేసి ఉన్నారు. అందరూ ఆమె వైపే చూశారు. పొద్దున్నే గోడ పట్టుకోకుండా నడిచిన సంబరం ఇంకా ఒంట్లో ఉంది. లేచి నిలబడింది. "నా మడమ నొప్పిని దేవుడు పూర్తిగా తీసేసిండు" అంది. చప్పట్లు కొట్టారు. అయ్యగారి భార్య, అందరూ అమ్మగారు అని పిలిచే పెద్దావిడ, వచ్చి కావలించుకుంది. పాటల బృందంలోంచి బ్లెస్సీ నవ్వుతూ చూసింది.

సోమవారం తెల్లారి మేకు మళ్లీ దిగింది.

ఇక చూడండి ఆమె అవస్థ. సంఘం ముందు దేవుని పేరు మీద చెప్పిన మాట, వెనక్కి తీసుకోవడమెట్లా? వీధిలో సంఘస్థులు కనిపిస్తే కుంటకుండా నడవాలి. క్లినిక్‌కు వెళ్తే అక్కడా సంఘం పిల్లే. మూడోసారి బ్లెస్సీ బొటనవేలితో ఒత్తి "నొస్తాందా పెద్దమ్మా?" అంటే "లేదు బిడ్డా" అంది. కాలు ఉలిక్కిపడకుండా ఉండటానికి బస్టాండ్‌లోనే నొప్పి గోలీ వేసుకుని వెళ్లింది. నాలుగోసారీ అంతే. ఆ పిల్ల నమ్మి, మెల్లగా, ఎక్కడో పక్కన పెట్టి పంపింది. బాగుచేసుకోవడానికి పోయి బాగున్నట్టు నటించి వచ్చే మనిషిని ఏమనాలి? కోపం వస్తుంది, జాలీ వేస్తుంది.

తర్వాతి శనివారం కొండగట్టు దగ్గర బస్సు వెనక్కి తీయాల్సి వచ్చింది. కండక్టర్ దిగి వెనకాల నిలబడి విజిల్ ఊదుతూ ఉంటేనే డ్రైవర్ వెనక్కి వస్తాడు, విజిల్ ఆగితే ఆపాలి. ప్రేమమ్మ ఊదుతూ ఒక అడుగు వెనక్కి వేసింది. మడమ ఒప్పుకోలేదు. అక్కడే కూలబడింది, విజిల్ నోట్లోంచి జారిపోయింది. డ్రైవర్ ముత్తయ్య బ్రేక్ వేసి దిగి వచ్చేసరికి ఆమె రెండు చేతులూ నేలకు ఆనించి లేవలేక చూస్తోంది. బస్సు చాలా దగ్గరగా ఉంది.

ముత్తయ్య చెయ్యి ఇచ్చి లేపాడు. అతనిది చిన్న గొంతు, అరవడం తెలియదు. "కాలు బాగైందంటివి గదా చెల్లె?" అన్నాడు. "నాకు అద్దంల నువ్వు కనవడవు, నీ సీటీ ఒక్కటే ఇనవడుతది. ఇంకొక గజం వస్తే నేను ఏ మొఖం పెట్టుకొని బతుకుదు?" అని బస్సెక్కాడు. కరీంనగర్ దాకా ఆమె సీటు కడ్డీలు పట్టుకుని టికెట్లు కొట్టింది. ప్రేమమ్మకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ అలసట కలిగింది, బాగున్నట్టు నటించి నటించి వచ్చిన అలసట.

డ్యూటీ దిగి నేరుగా క్లినిక్‌కు వెళ్లింది. ఆ రోజు గోలీ వేసుకోలేదు. బల్ల మీద బోర్లా పడుకుని, మొహం దిండులో పెట్టి చెప్పింది. "బిడ్డా, పోలేదు. నీ దగ్గర, సంఘంల, అంతట అబద్ధం చెప్పిన."

బ్లెస్సీ పిడి పక్కన పెట్టింది. ఆ పిల్లకు కోపం వచ్చింది. "గోలీలు ఏసుకొని వచ్చినవా?" అంది. "ఆఁ." "అయితే రెండుసార్లు పెట్టింది దండుగే. మళ్ల మొదటి నుంచి పెట్టాలె. గిప్పుడు నేను ఫిట్ అని రాయుమని డాక్టర్‌కు చెప్పను పెద్దమ్మా. సెలవు పెట్టు. కాలు మీద బరువు ఎయ్యకు, ఊకె నిలవడకు. నిలవడి నిలవడి ఇంక చెడగొట్టుకుంటే ఆ నౌకరి ఎవ్వలం నిలవెట్టలేం." తర్వాత బొటనవేలితో వెతికింది. "ఇక్కడనా?"

"కాదు. జర లోపలికి."

"ఇక్కడ?"

కాలు ఎగిరిపడింది. "గక్కడనే. శాన నొస్తాంది బిడ్డా." పిడి ఆనించగానే ప్రేమమ్మ మొదటిసారి గట్టిగా మూలిగింది. బ్లెస్సీ ఆపలేదు, ఆమె ఆపమనలేదు.

ఆదివారం చర్చి గుడికి దేవదాస్ చేయి పట్టుకుని కుంటుతూ వచ్చింది. ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుంది. మొదటి కీర్తనకు అందరూ లేచారు. ప్రేమమ్మ లేవలేదు. చిన్నప్పటి నుంచి ఆ గుడిలో కీర్తనకు కూర్చుని ఉండటం ఆమెకు అదే మొదలు. చుట్టూ చీరలే, వేదిక కనిపించలేదు. ముందు వరసలోంచి అమ్మగారు వెనక్కి తిరిగి, వంగి అడిగింది. "ఏమాయె ప్రేమమ్మా? మొన్ననే బాగైందని సాక్ష్యం చెప్తివి గదా?"

పక్కవాళ్లు పాడుతూనే చెవులు ఇటు పెట్టారు.

"తొందరపడి చెప్పిన అమ్మగారూ" అంది ప్రేమమ్మ. "తక్కువ కాలే. నొస్తాంది. నిలవడలేను."

అమ్మగారు ముందుకు తిరిగింది. రెండో చరణం మొదలైంది. ప్రేమమ్మ కళ్లు తుడుచుకుని, కూర్చునే పాట అందుకుంది.