గట్టు వెంట జనుము

మొన్న పొద్దున పాన్‌గల్ దగ్గరి పొలం నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి, పల్లి వేయడానికి దుక్కి మొదలుపెడుతున్నామనీ, గట్టు వెంట ఉన్న జనుము మీద కూడా గడ్డిమందు కొట్టించేస్తున్నాననీ చల్లగా చెప్పేసరికి, తాగుతున్న టీ అట్లాగే వదిలేసి వనపర్తి బస్టాండుకు నడిచాను. మోకాళ్ల నొప్పుల మనిషికి అంత ఆత్రం ఎందుకంటారా, ఆ రెండు సాళ్ల జనుము ప్రతి వానాకాలం పట్టుబట్టి వేయిస్తున్నది నేనే. నార కోసం కాదు, సీతాకోకచిలుకల కోసం. నవ్వేవాళ్లు నవ్వండి, మా ఇంట్లో అందరూ నవ్వారు, నాకేం కొత్త కాదు.

నైలాన్ తాళ్లు రాకముందు ఎద్దుల పగ్గాలకూ, మంచాలకూ, మూటలకూ జనపనారే దిక్కని మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కాయ పట్టాక మొక్కలు పీకి, ఆకు రాలేదాకా గట్టు మీద పరిచి, ఆ తర్వాత కట్టలు కట్టి కుంటలో నానేసేవాళ్లం. వానలు తగ్గి గాలి మారే ఆ రోజుల్లో, వాడిపోతున్న జనుము వాసనకు, నల్లని రెక్కల మీద లేతనీలం చారలున్న సీతాకోకచిలుకలు ఎక్కడినుంచో గుంపులుగా వచ్చి వాలేవి. పక్కనే పూలున్నా చూడకుండా ఆ ఎండుటాకుల రసమే పీల్చుకుని, కృష్ణ దాటి పడమటి కొండల దిక్కు సాగిపోయేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మా నాయినా కూలీలను తోలుకుపోయే మేస్త్రి లారీ ఎక్కి పూణె అవతల కాలువ పనులకు పోయేవాళ్లు. పొట్టకోసం ఊరు విడవడాన్ని మా దగ్గర బతకపోవడం అంటారు. నన్నూ తమ్ముణ్నీ నాయనమ్మ దగ్గర వదిలేసేవాళ్లు, నాకేమో ఆ లారీ పేరు చెబితేనే అన్నం సయించేది కాదు.

ఒక ఏడు లారీ ముందుగానే వస్తుందని కబురొచ్చింది. తొందరగా నానేస్తే మూటలకు కొత్త తాళ్లన్నా పేనుకోవచ్చని నాయిన జనుము కట్టలు కట్టబోయాడు. గట్టు నిండా సీతాకోకచిలుకలే వాలి ఉన్నాయి. అవి లేచిపోయేదాకా జనుము ముట్టకూడదన్నది మా ఇంట్లో నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. ఆమె పోయి కొడుక్కు అడ్డంగా నిలబడింది.

"బతకపోయేటోళ్లను తినేకాడ లేపుతరార? నిన్నెవరన్న గట్ల లేపితే నేను ఊకుంటనా?"

నాయిన జనుము వదిలేసి ఇంటికి నడిచాడు. ఆ ఏడు అమ్మ తన పాత చీర చింపి మూటలు కట్టింది. లారీ కదిలినప్పుడు మొదటిసారి నేను ఏడవలేదు. మా వాళ్లను కూడా ఎక్కడో ఒకరు ఇట్లాగే తిననిస్తారని గట్టిగా నమ్మాను.

ఇప్పుడు మా పొలానికి కాలువ నీళ్లు వచ్చాయి, తమ్ముడు లారీ ఎక్కనక్కర్లేదు, అందుకు నాకు సంతోషమే. కానీ గట్ల మీద ఒక్క పిచ్చిమొక్కనూ బతకనివ్వని ఈ మందులేమిటి? నేను పోయేసరికి మందు పంపు వీపుకెత్తుకుని కూలీ సిద్ధంగా ఉన్నాడు.

"పోయినేడు పట్టుమని పది గూడ రాలేదక్కా. వాటికోసం ఇంత జాగ ఇడిసిపెడ్తమా?" అన్నాడు తమ్ముడు.

"ఒక్కటే రానీ, అది ఆకలితోని పోవద్దు తమ్మీ. నేను ఈడనే కూసుంట. కొడితే నా మీదికెళ్లి కొట్టు."

జనుములోనే చతికిలబడ్డాను. తమ్ముడు విసుక్కుని, నాకు పిచ్చి ముదిరిందని కూలీతో చెప్పి, పంపును అవతలి చెలకకు పంపేశాడు. ఎండ తగ్గాక నేనే మొక్కలు పీకి గట్టు మీద పరిచాను, నడుము ఇంకా పట్టేసే ఉంది.

ఈ ఒక్క గట్టుతో వెనకటి గుంపులు తిరిగిరావని నాకు తెలుసు. ఆ రోజుల్లో నాయనమ్మ ఒక్క మాటంటే కొడుకు వెనక్కి తగ్గాడు. ఇప్పుడు ఏటేటా ఎవరో ఒకరితో కొట్లాడాల్సి వస్తోంది. కొట్లాడతాను.