పిన్ని చేసిన ప్రార్థన

మా పిన్ని బాప్టిస్టు సంఘానికి తెల్లగౌన్లు కుడుతుంది. బాప్తిస్మపు తొట్టిలో దిగిన మనిషి గౌను గొడుగులా పైకి తేలి పరువు తీయకుండా, అంచు మడతలో సీసం బిళ్లలు పెట్టి కుట్టాలి. ఆ పని ఆమెకే చేతనవును. కుట్టు మంచిది, నోరు మంచిది కాదు.

అమ్మమ్మ మాత్రం ఆ గౌను వేసుకోలేదు. ఆవిడది చిలకరింపు సంఘం. చంటిబిడ్డగా ఉన్నప్పుడే నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మం అయిందనిపించారు. పిన్ని దగ్గరికి వచ్చి ఉన్నాక మా బాప్టిస్టు గుడిలోనే కూర్చునేది. మంచాన పడ్డాక, ఆరాధనలో పంచే ప్రభువు రొట్టె ఒక్కసారి తినాలనుంది అంది. పిన్ని పరిగెత్తి సంఘపెద్దను తీసుకొచ్చింది. ఆయన రొట్టె పళ్లెం తెచ్చాడు గానీ, దాని మూత తీయలేదు.

"నిండా మునిగినవాళ్లకేనమ్మా ఈ రొట్టె. చిలకరింపు లెక్కలోకి రాదు."

"మంచం దిగలేని మనిషిని ఎక్కడ ముంచమంటారండీ?"

"నియమం నేను పెట్టింది కాదు కదమ్మా" అని పళ్లెం పట్టుకుని వెళ్లిపోయాడు.

అమ్మమ్మ రొట్టె తినకుండానే పోయింది. పిన్ని గౌన్లు కుట్టడం మానలేదు, ఆ మాట మరిచిపోనూ లేదు. "ఊరందరినీ నీళ్లలో ముంచాడు, నా కొంపే ముంచాడు" అనేది ఆ పెద్దని.

ఇన్నేళ్లకు రెండు సంఘాలూ కలిసి ఐక్య ఆరాధన పెట్టుకున్నాయి. ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు ఒప్పుకుంటారట, ఒకే బల్ల దగ్గర రొట్టె తింటారట. పెత్తనం ఎవరిదనుకున్నారు? ఆ సంఘపెద్దదే! నాకు ఒళ్లు మండిపోయింది. చిలకరింపు సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థనలన్నీ ముందే అచ్చువేయిద్దామన్నారు. పెద్ద ససేమిరా అన్నాడు.

"మావాళ్లు పుస్తకం చూసి దేవుడితో మాట్లాడరండీ. ప్రేరణ కలిగినవాళ్లు లేచి ప్రార్థన చేస్తారు. ఆమేన్ అనేదాకా ఎవరూ ఆపరు."

తన గొయ్యి తానే తవ్వుకోవడం అంటే అదే.

ఆరాధన రోజు పెద్ద తేనె కారేలా మాట్లాడాడు. క్రీస్తులో మనకు అడ్డుగోడల్లేవన్నాడు. తర్వాత అందరం కళ్లు మూసుకున్నాం. పిన్ని లేచింది.

"ప్రభువా, గోడల్లేవని నాకు ఇప్పుడే తెలిసింది. మా అమ్మ ఉన్నప్పుడు ఉండేవి. ఇవాళ రొట్టె పంచబోయే చేతులే ఆ రోజు మా అమ్మ ముందు పళ్లెం మూత తీయలేదు. ఈయన్ని క్షమించమని నేనడగను, అది మీరూ మీరూ చూసుకోండి. చిలకరింపువాళ్లకి రొట్టె ఇచ్చినప్పుడల్లా ఈయనకి మా అమ్మ మొహం కనబడాలి. చచ్చేదాకా కనబడాలి. ఆమేన్."

పెద్ద మధ్యలో రెండుసార్లు దగ్గాడు. అంతకుమించి ఏం చేయగలడు? చిలకరింపువాళ్లకు ఆమేన్ గొంతెత్తి పలకడం చిన్నప్పటి అలవాటు. హాలు దద్దరిల్లింది. పిన్ని మాత్రం ఇంకా నిలబడే ఉంది. నేను చెయ్యి పట్టి లాగాను.

"చాల్లే పిన్నీ, కూర్చో."

"నిండా మునిగినదాన్ని, నాకు చలేమిటే?" అని గొంతు పెంచింది. "పెద్దాయనా, మీ ఆమేన్ వినబళ్లేదు."

హాలంతా కళ్లు తెరిచింది. ఆయన మెడ మీద చెమట పట్టింది. నేలచూపులు చూస్తూ "ఆమేన్" అన్నాడు.

పగ తీరాక మనసు బరువెక్కుతుందంటారు. ఒట్టి అబద్ధం. పిన్నికి ఆకలేసింది. ఆయన మూత తీసి పళ్లెం ముందుకు చాపితే, తీరిగ్గా వెతికి అన్నిటికంటే పెద్ద ముక్క తీసుకుంది.