పిన్ని రికార్డు చేసిన ఆదివారాలు

మా పిన్ని పోయిందని మొన్న పొద్దున్న ఖరగ్‌పూర్ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "నిద్దట్లోనే ఎల్లిపోయినాదక్కా. రేడియో ఇంకా మోగుతానే ఉన్నాది" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు సరికదా, "ఏం పాట వస్తోందిరా?" అని అడిగాను. ఇంకెవరైనా అయితే చీవాట్లు పెట్టేవారు. వాడూ ఆ ఇంట్లో పెరిగినవాడే కదా. "పాతదే, మన సిన్నప్పటిది" అని చెప్పి, అప్పుడు బావురుమన్నాడు. ఆ తర్వాత నేనూ ఏడ్చాను.

పిన్ని అంటే మా చిన్నాన్న భార్య. విజయనగరం వైపు పల్లె నుంచి కొత్త కోడలుగా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టర్‌కి వచ్చింది. నాన్న, చిన్నాన్న ఇద్దరూ వర్క్‌షాపులోనే పని. ఇంటికి పెద్ద మామ్మ, నాన్నని కన్నతల్లి. ఇంట్లో పాత రేడియో మామ్మది. చిన్నాన్న దసరాకిచ్చే పూజా బోనస్‌తో కొన్న టేప్ రికార్డరు పిన్నిది. ఆ రెండింటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ప్రతి ఆదివారం రేడియోలో వచ్చే హిందీ హిట్ పాటల కార్యక్రమాన్ని పిన్ని క్యాసెట్లోకి ఎక్కించేది. కింది స్థానం పాటతో మొదలుపెట్టి, ఆఖర్న మొదటి స్థానం పాట వేసేవారు.

తొంభైల మొదట్లోని ఆ ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంటాయి. మా క్వార్టర్ల లైన్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే పాట ఒక్క ముక్క కూడా పోయేది కాదు. ఒక కిటికీలో పల్లవి, పక్క కిటికీలో చరణం. తెలుగువాళ్ళు, బెంగాలీలు, బిహారీలు అందరి ఇళ్ళలోనూ అదే గొంతు, అదే ఎలక్ట్రానిక్ డ్రమ్ము. ఎండకి ఆరేసిన చీరలు కూడా ఆ తాళానికే ఊగుతున్నాయేమో అనిపించేది. నేను తొమ్మిదో తరగతి. చదువు గిదువు ఏమీ బుర్రకెక్కేది కాదు.

పాటలు ఎక్కడం దిగడం పిన్నికి పెద్ద వ్యవహారం. "ఇది మొన్నటికి మొన్న అడుగున ఉండీది సూడు, ఎలగ ఎక్కీసినాదో!" అని మురిసిపోయేది. ఏదైనా పాట వారాల తరబడి రెండో స్థానంలోనే ఉండిపోతే, "పాపం, టేషను బయట బండిలాగ ఔటర్లో ఆగిపోయినాది. సిగ్నలియ్యడం నేదు" అనేది. ప్రేమ్ బజార్‌లో క్యాసెట్ల కొట్టు నడిపే బెంగాలీ దాదా ఒకడు ఉండేవాడు. కాలేజీ కుర్రాళ్ళు తెచ్చిచ్చిన ఇంగ్లీషు పాటలు అతనే ఎక్కించి ఇచ్చేవాడు. పిన్నికి ఇంగ్లీషు రాదు. నోటికొచ్చిన శబ్దాలతో దర్జాగా పాడేసేది. "దీనర్థం ఏటి పిన్నీ?" అంటే, "అర్థం తెలిసిపోతే సగం అందం పోద్దే గుంటా" అనేది. నాకు పిన్నంటే ప్రాణం.

ఆ ఏడే చిన్నాన్న పోయాడు. జ్వరమని పడుకున్న మనిషి వారం తిరక్కుండా పోయాడు. మామ్మ రేడియో మీద దుప్పటి కప్పేసింది. ఏడాది పూర్తయ్యేదాకా ఇంట్లో పాట మోగకూడదని మా వాళ్ళ ఆచారం. ఆదివారం లైన్లో నడిచి వస్తుంటే, మా గుమ్మం దగ్గర పాటకి చిల్లు పడేది.

కొన్ని నెలలకి చిన్నాన్న స్థానంలో పిన్నికి వర్క్‌షాపు ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. ఫైళ్ళు మోసుకుని తిరిగేది, బెంగాలీ దీదీలతో టిఫిన్ తినేది, సాయంత్రం ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకునేది. ఒక ఆదివారం అన్నాలయ్యాక లేచింది. దుప్పటి తీసింది. రేడియో పెట్టేసింది.

"ఓలమ్మో! నా కొడుకు పోయి ఏడాది తిరగనేదు. ఈ డబడబలేటే నా ఇంట్లో?" అని మామ్మ గుండెలు బాదుకుంది.

పిన్ని రేడియో ఆపలేదు. తర్వాత పెరట్లో జామచెట్టు కింద నేను, "ఎందుకు పిన్నీ, ఏడాది ఆగొచ్చు కదా?" అన్నాను. "మీ సిన్నాన్న పోయిన కాణ్ణించి అందరూ నాతోటి గుసగుసగానే మాటాడతన్నారే. మీ అమ్మా అంతే, ఆఫీసులోనూ అంతే. రేడియోవోడొక్కడే నాతో గట్టిగా మాటాడినాడు" అంది. అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. అయిందని అబద్ధం చెప్పాను.

ఇక యుద్ధం మొదలైంది. మామ్మ మాటల మనిషి కాదు, చేతల మనిషి. పిన్ని రికార్డింగు బొత్తాం నొక్కడం ఆలస్యం, మామ్మ రుబ్బురోలు దగ్గర కూర్చునేది. వారమంతా గుర్తురాని మినప్పప్పు సరిగ్గా పాటల వేళకే గుర్తొచ్చేది. గిన్నెలు దబదబా పడేవి, నిక్షేపంలాంటి గొంతుకి దగ్గొచ్చేది. అవన్నీ శుభ్రంగా క్యాసెట్లోకి ఎక్కేవి. ఆ క్యాసెట్లే పిన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళేది. ఒక దీదీ, పాట మధ్యలో దగ్గుతున్నదెవరని అడిగిందట. "మా అత్త. కోరస్ పాడతాది" అందట పిన్ని. ఇంట్లో చెబితే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

నవ్వులాట ఎన్నాళ్ళు సాగుతుంది? ఒకరోజు మామ్మ, "నువ్వు నా కొడుకుని మర్సిపోయినావే" అంది. పిన్ని మొహం పాలిపోయింది. మర్నాడే తనకి వేరే క్వార్టరు కావాలని ఆఫీసులో అర్జీ పెట్టేసింది. మామ్మ "ఎల్తే ఎల్లనీ" అని పైకి అంది గానీ, ఆవిడకి అన్నం సయించలేదు. చిన్నాన్న పోయాక ఆ ఇంట్లో చిన్నాన్నదంటూ మిగిలింది పిన్నే. ఆమె కూడా గడప దాటితే మామ్మ బతకదని నాకు భయం. మమ్మల్ని వదిలి ఒంటరిగా ఉంటే పిన్ని ఏమైపోతుందో అని ఇంకా భయం.

క్వార్టరు మంజూరైంది. సామాను సర్దుకుంటుండగానే పిన్నికి టైఫాయిడ్ వచ్చి పడింది. రైల్వే ఆసుపత్రిలో చేర్చారు. మామ్మ చూడ్డానికి రాలేదు. వాకిట్లో కూర్చునేది, మేం వస్తే "జావ తాగినాదా?" అని ఒక్కమాట అడిగేది.

ఆ ఆదివారం నేను పిన్ని మంచం పక్కన ఉన్నాను. పాటల వేళకి ఆమె కిటికీ వైపు చూస్తూ, "ఈ వారం ఏది ఎక్కినాదో ఏటో" అంది.

మర్నాడు సాయంత్రం అమ్మ తువ్వాల్లో చుట్టి టేప్ రికార్డరు తెచ్చింది. "సెల్లీ, నిన్న అత్తే రికార్డు సేసినారు. నన్ను ముట్టుకోనిస్తే ఒట్టు! సేపలమ్మిని లైను సివరికి తరిమీసినారు. పక్కింటోల్ల కుళాయి కట్టించీసినారు. ఇంట్లో ఒక్కరు తుమ్మినా ఊరుకోనేదు" అంది.

పిన్ని బొత్తాం నొక్కింది. పాట మొదలైందో లేదో, దాని మీద మామ్మ గొంతు. అందరి నోళ్ళూ మూయించిన మనిషి తను మాత్రం మూయలేదు. జబ్బు మనిషికి పక్కనుండి ఎవరో ఒకరు చెప్పాలి కదా అనుకుంది కాబోలు.

"ఒలే, ఇది కింద నుంచి రెండోది. బాగానే ఉన్నాది." ఇంకో పాట. "ఇదేటో గోల. నీకు ఇష్టమైందేనా?" పిన్ని నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. అమ్మ వీపు రాసింది.

అలా పాటలన్నీ మామ్మ మాటల కింద నలుగుతూ వెళ్ళి, ఆఖరికి మొదటి స్థానం వచ్చింది. డ్రమ్ము మోగింది. గాయకుడు గొంతెత్తాడు. మామ్మ పీట దగ్గరికి జరుపుకున్న చప్పుడైంది. తర్వాత చాలా దగ్గర్నుంచి, దాదాపు మైకుని మింగేస్తున్నంత దగ్గర్నుంచి మాట వినిపించింది.

"ఇదేనమ్మా మొదటిది. ఈడేటి సెప్తన్నాడో నాకు తెల్దు. నువ్వు నా కొడుకుని మర్సిపోనేదు. నాను తప్పు మాటాడినాను. ఆ కోటరొద్దు. ఇంటికొచ్చీయే. రేడియో ఎంత గట్టిగా ఎట్టుకుంటావో ఎట్టుకో. ఈ ఇంట్లో సప్పుడు నేకపోతే నాను బరించనేకపోతన్నాను."

క్యాసెట్ అయిపోయి బొత్తాం టక్కున పైకి లేచింది. పిన్ని దాన్ని వెనక్కి తిప్పి, ఆ ముక్కే మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ పెట్టింది. పక్క మంచం మీది బెంగాలీ ముసలావిడ దుప్పట్లోంచి తల బయటపెట్టి, ఇదేం పాటమ్మా, ఇన్నిసార్లు వేస్తున్నావు, అని వాళ్ళ భాషలో అడిగింది.

"నంబర్ వన్, మాషీమా" అంది పిన్ని, కళ్ళు తుడుచుకోకుండానే.