మీటర్ల గడిలో మాటలు

ఎక్సెల్ షీటు చేతికొస్తే మనుషులు ఎంత అన్యాయానికైనా తెగిస్తారు. మీటర్లు అని పేరు పెట్టిన నిలువు వరుసలో మీటర్లు తప్ప అన్నీ రాస్తారు. అవన్నీ చదివి, ఏ వరుసలో అంకెలుండాలి, ఎక్కడ తేదీ, ఎక్కడ మాటలు, ఏ గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు అని తేల్చి డేటాబేస్‌లో టేబుళ్ళు కట్టడం నా ఉద్యోగం. ఇప్పుడు ఫైలు ఇస్తే ఒక ప్రోగ్రామే టేబుల్ నిర్వచనం రాసిచ్చేస్తుంది. అది బోల్తా పడిన చోట లేవనెత్తడానికి నేను.

తమిళనాడులో తేని ఊరి పక్క మా తెలుగు వీధి నుంచి అమ్మ వైద్యం కోసం మదురై వచ్చి, ఆస్పత్రికి దగ్గరని ఒక మేడమీది గదిలో దిగాం. ఇక్కడ మాకు బయట తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు, తెలుగు గడప లోపలే. అమ్మ పోయాక గడప లోపల నేనొక్కదాన్నే మిగిలాను. వెనక్కి వెళ్దామంటే అక్కడి బాడుగ ఇంట్లో వేరేవాళ్ళు చేరిపోయారు. నాలో నేను మాట్లాడుకునే పిచ్చి ఇంకా పట్టలేదు గనుక, నా తెలుగు నోట్లోనే ఉండిపోయింది.

అప్పుడు వచ్చింది అన్నూరులోని ఒక చిన్న మగ్గాల యూనిట్ ఫైలు. మీటర్ల గడుల్లో అంకెల మధ్య తమిళంలో ఏవేవో కబుర్లు. కరెంటు లేదు. నూలు తెగింది, రేపు చూద్దాం. ఓనరు ఊరెళ్ళారు. ఇది చూసి ప్రోగ్రాము చేతులెత్తేసి, వరుస మొత్తం మాటలే అని తేల్చింది. మాటలను కూడితే మీటర్లు రావు కదా. విసుక్కుంటూ ఆ యూనిట్‌కు ఫోన్ చేశాను.

షీటు రాసే ఆవిడే ఎత్తింది. మగ్గాల మోత మధ్య తమిళంలో వివరం చెబుతూ, పక్కకు తిరిగి ఎవరినో కసిరింది.

"ఆ నూలు కోను ఆడ పెట్టొద్దని చెప్పినా గదా!"

నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంది. "మీరు తెలుగా అక్కా?"

"ఆమామ్మా! నువ్వూనా? ఏ ఊరు మీది?"

ఆ రోజు నుంచి నాకు సందేహాలు ఎక్కువయ్యాయి. తేదీ వరుసలో అమావాస్య అని ఎందుకుందని అడిగాను.

"ఆ పొద్దు తరి ఓడదమ్మా, అందరికీ లీవు."

మగ్గాన్ని తరి అనడం, నడవదనడానికి ఓడదనడం, అచ్చం మా అమ్మ మాటే. విన్నదే మళ్ళీ వినాలని తెలిసిన సంగతులను కూడా తెలియనట్టు అడిగాను. సిగ్గేమీ పడలేదు.

కానీ ఆమె చెప్పిన ప్రతి జవాబుతో టేబుల్ బాగుపడుతోంది. కబుర్లకు వేరే వరుస పెట్టాను, మీటర్లకు అంకెలే మిగిలాయి, సెలవు రోజుల్లో ఖాళీకి అనుమతి ఇచ్చాను. పని బాగా చేసేకొద్దీ ఆమెకు ఫోన్ చేయడానికి కారణాలు తగ్గిపోతున్నాయి. బట్ట రకం వరుసను మాత్రం తేల్చకుండా నాన్చాను. ఆఫీసు వాళ్ళు అడిగేసరికి అదీ తేల్చేశాను. టేబుళ్ళన్నీ ఒక్క తప్పు లేకుండా కుదిరాయి.

"ఇంక డౌటేమీ లేదు గదా? నీ వేలె ముగిసింది. శానా సంతోషం," అంది ఆమె. నా పని అయిపోయినందుకు నిజంగానే సంతోషించింది. నాకు ఒళ్ళు మండింది.

కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక నంబరు నొక్కాను.

"చెప్పమ్మా, ఏమి డౌటు?"

"డౌటేం లేదక్కా. ఊరికే చేసినాను. మాట్లాడాలని."

అవతల మగ్గాల మోత సన్నబడింది, ఆమె బయటికి నడిచినట్టుంది. విసుక్కుంటుందేమోనని, పెట్టేస్తానని చెప్పబోయాను.

"ఇంట్లో ఎవరుండారు నీకు? అమ్మ ఉండాదా?"

ఆ సంగతి ఇంటి ఓనరుకు తమిళంలో చెప్పాను. ఆఫీసుకు ఇంగ్లీషులో రాశాను. రెండుసార్లూ నిబ్బరంగానే ఉన్నాను. మా వీధివాళ్ళకు నేను చెప్పకముందే తెలిసిపోయింది గనుక, తెలుగులో మాత్రం చెప్పే అవసరమే రాలేదు. నా తెలుగు వినే మనిషి అమ్మే కదా.

"అమ్మ పోయిందక్కా," అన్నాను. అని, భోరుమన్నాను.